తియ్యటి నీళ్లన్నీ మంచినీళ్లు కావు

మా వైపు నీళ్ల మంచిచెడ్డలు తేల్చేది నాలుక. కొత్తగా బోరు వేయించిన రోజు మోటారు ఆడించి, ఇంటి పెద్ద దోసిట్లో పట్టి ఓ గుటక వేస్తాడు. "తియ్యగా ఉన్నాయి" అన్నాడంటే ఇంటిల్లిపాదికీ పండగే. ముఖం చిట్లించాడంటే ఆ బోరు గిన్నెలు తోమడానికీ గొడ్లకూ పరిమితం. వందల అడుగులు దించితే గానీ తడి తగలని అనంతపురం నేలలో, రాళ్లలోంచి కరిగి వచ్చే లవణాలతోనే తరతరాలుగా కాపురం చేసిన జనానికి ఈ అలవాటు అబ్బడంలో వింత లేదు.

వరద వచ్చిన రోజున ఇదే నాలుక మనల్ని మోసం చేస్తుంది. వాననీటితో నిండిన వరదలో లవణం తక్కువ. ఒక పూట కదలకుండా ఉంచితే బురద అడుగుకు దిగుతుంది, పైన తేట నీళ్లు నిలుస్తాయి, రుచి చూస్తే వీధి చివరి ఉప్పు బోరు కన్నా ఎంతో మేలు అనిపిస్తుంది. కానీ ఆ నీళ్లు మరుగుదొడ్ల గుంతలను, మురుగు కాలువలను, చచ్చిన గొడ్లను ఒరుసుకుంటూ వచ్చాయి. ఆ సంగతి నాలుకకు తెలియదు.

2009 అక్టోబరు 2న కర్నూలుకు అలాంటి రోజు వచ్చింది. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి ఊరి మీద పడ్డాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం చేరింది. ఆనకట్ట కట్టేటప్పుడు వేసుకున్న లెక్క 19 లక్షల దగ్గర ఆగింది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మాత్రమే కనిపించే ఆ నదులు, కర్నూలు పాతబస్తీ జనాన్ని మిద్దెలెక్కించాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి, గుండ్లూరు ఊళ్లను ఊడ్చుకుపోయింది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చింది. కరువు సీమ అని పేరు పడ్డ చోట పదమూడేళ్లలో ఇన్ని వరదలు. కరువులో నీళ్లు పొదుపు చేయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వరదలో ఏ నీళ్లు తాగాలన్నది మాత్రం మన అనుభవంలో లేని చదువు.

నాలుగు చెడులు, నాలుగు విరుగుళ్లు

"నీళ్లు శుభ్రం చేయడం" అని ఒకే మాటగా అనేస్తాం గానీ అందులో నాలుగు వేర్వేరు పనులున్నాయి. నీళ్లలో మడ్డి ఉంటుంది, అది కంటికి కనిపిస్తుంది. క్రిములుంటాయి, అవి కంటికీ నాలుకకూ అందవు. కరిగిన పదార్థాలుంటాయి, వాటిలో ఉప్పు, చవుడు నాలుకకు తెలుస్తాయి, ఫ్లోరైడు, నైట్రేటు తెలియవు. ఇవన్నీ పోగొట్టాక మళ్లీ నీళ్లను పాడుచేసే నాలుగోది ఒకటుంది: మన చెయ్యి. వడపోస్తే మడ్డి పోతుంది, క్రిమి పూర్తిగా పోదు. కాచితే క్రిమి చస్తుంది, ఫ్లోరైడు పోదు. పైగా ఆవిరైన మేరకు నీళ్లు తగ్గి, మిగిలిన నీళ్లలో అది కొంచెం చిక్కబడుతుంది. క్లోరిన్ క్రిమిని చంపుతుంది, మడ్డి ఉంటే దాని మీదే ఖర్చయిపోతుంది. ఒక జబ్బు మందు ఇంకో జబ్బుకు వాడినట్టు, పటిక వేసి క్రిములు పోయాయనుకోవడం, కాచి ఫ్లోరైడు పోయిందనుకోవడం మన ఊళ్లలో రోజూ జరిగేదే.

ఈ నాలుగింటిలో దేనికి ముందు భయపడాలి? దీనికి జవాబు కాలంలో ఉంది. కలరా పట్టిన మనిషికి సమయానికి ద్రవాలు అందకపోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. టైఫాయిడ్ బయటపడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లకు నెల పైనే పట్టవచ్చు. అందుకే వరద తీసి, ఇల్లు కడుక్కుని, అంతా మరిచిపోయిన నెలన్నరకు ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఆ రోజు తాగిన చెంబెడు నీళ్లు ఎవరికీ గుర్తురావు. ఫ్లోరైడు మాత్రం పళ్లనూ ఎముకలనూ పట్టి పీడించడానికి ఏళ్లు తీసుకుంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. అది దాటిన బోర్లు ఉన్నాయనే కదా 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం కింద అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు దూరం నుంచి నీళ్లు తేవలసి వచ్చింది.

ఈ రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూస్తే మన అలవాటుకు నేరుగా ఎదురు వెళ్లే మాట ఒకటి తేలుతుంది. వరద రోజుల్లో, వరద తాకని ఎత్తు మీద ఉన్న లోతైన ఉప్పు బోరు నీళ్లు, మామూలు రోజుల్లో మనం ముట్టని ఆ నీళ్లే, క్లోరిన్ కలుపుకుంటే తియ్యటి కాలువ నీళ్ల కన్నా నయం. వారం పది రోజులు ఆ ఫ్లోరైడు తాగినంత మాత్రాన ఎముకలు వంగవు. ఒక్క మినహాయింపు: ఎరువుల నైట్రేటు ఎక్కువున్న బోరు నీళ్లు డబ్బాపాలు తాగే పసిబిడ్డలకు పనికిరావు. వాటిని కాచినా లాభం లేదు. బిడ్డకు ఆ నాలుగు రోజులూ సీలు తీయని సీసా నీళ్లు దక్కించుకోవాలి. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ బెడద లేదు.

ఇంకో సంగతి. పురుగుమందు డబ్బాలు తేలిన నీళ్లను, డీజిలు పొర మెరుస్తున్న నీళ్లను ఇంట్లో ఎవరూ బాగుచేయలేరు. పత్తి పండే కర్నూలు పల్లెల్లో, కొట్టంలో మందు సీసాలు దాచని ఇల్లు తక్కువ. అలాంటి చోట నిలిచిన నీళ్లను వదిలేసి వేరే నీళ్లు వెతుక్కోవడమే.

ముందు తేర్చాలి

వరద నీటిని ఒక గాజు గ్లాసులో పోసి చూడండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు గంటలో దిగుతుంది. ఆ తర్వాత కూడా నీళ్లు పల్చటి టీ రంగులో అలాగే ఉంటాయి, మర్నాటికీ ఉంటాయి. అది మన నల్లరేగడి మన్ను చేసే పని. ఆ మన్నులోని బంకమట్టి రేణువులు మరీ సన్నం. పైగా అన్నింటి మీదా రుణ విద్యుదావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కలిసి బరువెక్కి దిగవు. పటిక వేస్తే దానిలోని అల్యూమినియం ధనావేశంతో వచ్చి ఆ తగవు తీరుస్తుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకుని, విరిగిన పాలలాగా తునకలు కట్టి, అడుగుకు జారతాయి.

అమ్మమ్మలు పటిక గడ్డను నీళ్లలో నాలుగు తిప్పులు తిప్పి తీసేసేవారు. పద్ధతి సరైనదే, ఓపిక ఇంకాస్త కావాలి. 20 లీటర్ల బిందెకు పావు చెంచా లోపు పటిక పొడి వేసి, ఒక నిమిషం గట్టిగా, ఆపైన ఐదు నిమిషాలు మెల్లగా తిప్పాలి. గట్టిగా తిప్పితే పటిక అంతటా పాకుతుంది. మెల్లగా తిప్పితే తునకలు ఒకదాన్నొకటి తాకి పెద్దవవుతాయి. గట్టిగానే తిప్పుతూ పోతే కట్టిన తునకలు మళ్లీ విరిగిపోతాయి. అరగంట కదలకుండా వదిలి, పైతేటను అడుగు కదలకుండా వంచుకోవాలి. పటిక దొరకని చోట చిల్లగింజను కుండ లోపలి వైపు అరగదీసేవారు. కొన్నిచోట్ల దాన్నే ఇండుప గింజ అంటారు. మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. చిల్లగింజ పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్లు తేరవని పూర్వులు ఎత్తిపొడిచారు కూడా. అరగదీసిన తర్వాతైనా నీళ్లు తేరడమే జరుగుతుంది, క్రిములు చాలా మట్టుకు అక్కడే ఉంటాయి.

గుడ్డతో వడపోయడాన్ని మనం చులకనగా చూస్తాం. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతపు పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి నీళ్లు వడపోయించి చూస్తే, కలరా కేసులు దాదాపు సగానికి, 48 శాతం, తగ్గాయి. ఆ ఫలితం 2003లో అచ్చయింది. కలరా క్రిమి నీళ్లలోని సూక్ష్మ జలచరాలను అంటిపెట్టుకుని తిరుగుతుంది, గుడ్డ ఆ జలచరాలను ఆపుతుంది. కొత్త చీర కన్నా పాతదే మేలు. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని సందులు పూడుకుంటాయి. అయినా ఇది సగం ఫలితమే. మిగతా సగానికి ఇంకో మెట్టు ఎక్కాలి.

వడపోత అంటే మన సీమకు చెలమ గుర్తురావాలి. ఎండిన పెన్నలో, పాపాఘ్నిలో ఇసుక తోడి, ఊరిన నీళ్లను చిప్పతో ముంచుకునే ఆ గుంత నిజానికి ఒక ఇసుక వడపోత యంత్రం. నది ఒడ్డున బురద నీళ్లు నేరుగా ముంచుకోవడానికి బదులు, ఒడ్డుకు కొన్ని అడుగుల ఎడంగా ఇసుకలో గుంత తవ్వితే ఊరి వచ్చే నీళ్లు చాలా తేటగా ఉంటాయి. మొదట ఊరిన నీళ్లు ఒకటి రెండుసార్లు తోడి పారబోయాలి. వాటినీ కాచుకునే తాగాలి. ఒక డ్రమ్ములో ఇసుక, కంకర, బొగ్గు పొరలు పేర్చి "ఫిల్టరు తయారైంది" అని ఫోన్లలో తిరిగే వీడియోలను మాత్రం నమ్మకండి. ఇసుక వడపోత క్రిములను పట్టడానికి ఇసుక పైన జీవపొర ఒకటి కట్టాలి, దానికి వారాలు పడుతుంది. ఆ రోజే పేర్చిన డ్రమ్ము మడ్డిని పడుతుంది, అంతే.

కాచడం: బుడగ చాలు

నీళ్లు పది నిమిషాలు, ఇరవై నిమిషాలు మరగాలని చాలామంది గట్టిగా నమ్ముతారు. అక్కర్లేదు. పేగు జబ్బులు తెచ్చే క్రిములు 65, 70 డిగ్రీల దగ్గర నిమిషాల్లో చస్తాయి. ఇంట్లో ఉష్ణమాపకం ఉండదు కాబట్టి, గిన్నె నిండా పెద్ద బుడగలు లేవడాన్ని గుర్తుగా పెట్టుకున్నాం. ఆ బుడగ కనబడేసరికి జరగాల్సిన పని జరిగిపోయి ఉంటుంది. ఒక నిమిషం మరగనిస్తే నిశ్చింత. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన ఉండే ఊళ్లలో మూడు నిమిషాలు మరిగించమంటారు, అక్కడ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి. మన జిల్లాల్లో అంత ఎత్తున ఊరేదీ లేదు.

ఈ నిమిషాల లెక్క చాదస్తం కాదు, గ్యాస్ లెక్క. 20 లీటర్లు మరిగించడానికి దాదాపు పావు కిలో గ్యాస్ పడుతుంది. ఊరు మునిగి కొత్త సిలిండరు ఎప్పుడొస్తుందో తెలియని రోజున, మరిగిన నీళ్లను ఇంకో పావుగంట మరిగించడమంటే రేపటి నీళ్లను ఈ రోజే కాల్చేయడం. కట్టెలు తడిసిన పల్లెలో ఆ మాట ఇంకా నిజం. మూత పెట్టి కాచండి, అదే గిన్నెలో మూతతోనే చల్లారనివ్వండి. కాచిన నీళ్లకు ఒక బలహీనత ఉంది. అప్పటికి ఉన్న క్రిములు చచ్చాయి గానీ, కొత్తగా పడేవాటిని ఆపే శక్తి ఆ నీళ్లలో లేదు. కడగని లోటా ముంచితే మళ్లీ మొదటికి వస్తాం.

క్లోరిన్: అరగంట ఓపిక

ఆ కాపలా శక్తి క్లోరిన్‌కు ఉంది. అందుకే ఊరు మొత్తానికి నీళ్లివ్వాల్సి వస్తే దాని మీదే ఆధారపడతారు. అది రెండు వాటాలుగా ఖర్చవుతుంది. మొదటి వాటాను నీళ్లలోని మడ్డి, ఆకుల కుళ్లు, క్రిములు తినేస్తాయి. అవి తృప్తిపడ్డాక మిగిలేదే కాపలా కాసే క్లోరిన్. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన ప్రమాణం. వైరస్ జబ్బుల భయం ఉన్నప్పుడు 0.5 ఉండాలి. నీళ్లు తేర్చకుండా క్లోరిన్ పోస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది: మొత్తం మొదటి వాటాకే సరి.

వరద తర్వాత వీధుల్లో బ్లీచింగ్ పౌడరును గోడల వెంట ముగ్గులా చల్లుతూ పోవడం చూస్తుంటాం. బురద మీద పడిన ఆ పౌడరు క్షణాల్లో కుళ్లుకు ఆహుతైపోతుంది. దానివల్ల ఎవరికీ విరేచనాలు ఆగవు, ఏదో చేస్తున్నారన్న ఊరట తప్ప. ఆ బస్తాలో గుప్పెడు పౌడరు వీధి ట్యాంకులో పడి ఉంటే ఎంతో నయం.

మా ఇంట్లో ప్రతి వానాకాలం బ్లీచింగ్ పౌడరుతో క్లోరిన్ ద్రావణం చేసుకుంటాం కాబట్టి చేతులతో చేసిన పనిగా చెబుతాను. తాజా బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు, దాదాపు 33 శాతం, పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. గాలి, తేమ తగిలితే రోజురోజుకూ తగ్గిపోతుంది. పొట్లం విప్పగానే ముక్కుకు ఘాటు కొట్టాలి, పొడి పొడిగా రాలాలి. గడ్డలు కట్టి తడితడిగా, వాసన లేకుండా ఉందంటే అది సున్నంతో సమానం, పారేయండి. కిరాణా కొట్టు త్రాసు మీద 33 గ్రాములు తూచి, ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, మొత్తం ఒక లీటరు చేసి గంట సేపు వదిలితే సున్నం అడుగుకు దిగి పైన పసుపు ఛాయ తేట నిలుస్తుంది. ఆ తేటే ఒక శాతం ద్రావణం. దాన్ని వెలుతురు చొరని సీసాలో పోసి, పిల్లలకు అందని చోట, పేరు రాసి పెట్టాలి. వారం దాటితే కొత్తది చేసుకోవడం మంచిది. ఇనుప పాత్రలు వాడకూడదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు లేస్తుంది.

దగ్గు మందు సీసా మూత మీద 5 మిల్లీలీటర్ల గీత ఉంటుంది కదా, 20 లీటర్ల తేట నీళ్లకు అంత ద్రావణం చాలు. తేర్చినా ఇంకా కాస్త మబ్బుగానే ఉన్నాయనుకుంటే దానికి రెట్టింపు. బాగా కలిపి, అరగంట ఆగాలి. ఈ అరగంటే ఎవరూ ఆగరు. క్లోరిన్ పడగానే క్రిమి చావదు, దానికి సమయం కావాలి. చవుడు ఎక్కువున్న, క్షారగుణం గల నీళ్లలో అది ఇంకా నెమ్మదిగా పని చేస్తుంది. అరగంట తర్వాత మూత తీసి వాసన చూడండి. పల్చగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతా మొదటి వాటాకే పోయిందన్నమాట, ఇంకోసారి అంతే పోసి మళ్లీ ఆగండి. పంచాయతీ సిబ్బంది క్లోరోస్కోపు అనే చిన్న పెట్టె తెచ్చి, చుక్క మందు వేసి రంగు పోల్చి చూసేది ఈ మిగులునే. బ్లీచింగ్ కన్నా క్లోరిన్ బిళ్లలు సులువు. ఎన్ని లీటర్లకు ఒక బిళ్లో పట్టీ మీదే రాసి ఉంటుంది, అది చదవకుండా వేయకండి, ఎందుకంటే బిళ్లలు రకరకాల బరువుల్లో వస్తాయి.

"ఈ వాసన నీళ్లు ఎవరు తాగుతారు నాయనా" అని మా వీధిలో ఒక అవ్వ బిందెడు నీళ్లు పారబోసి, వాసన లేని నీళ్ల కోసం పక్క వీధికి వెళ్లింది. ఆమె తప్పేమీ లేదు, ఎనభై ఏళ్లుగా నాలుకను నమ్మి బతికింది. ఆ వాసనే రక్షణ అని, రెండు బిందెల మధ్య నాలుగైదుసార్లు ఎత్తి పోస్తే చాలా మట్టుకు తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

క్లోరిన్‌కూ లొంగని మొండి క్రిమి ఒకటుంది, క్రిప్టోస్పోరిడియం. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన కొళాయి నీళ్ల ద్వారానే ఇది దాదాపు 4 లక్షల మందిని విరేచనాల పాలు చేసింది. పసిపిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇచ్చే నీళ్లనైనా కాచి తీరాలని అందుకే అంటారు.

ఎండ, మీటరు, పైపు

ఇంధనం లేదు, క్లోరిన్ లేదు, ఎండ ఉంది. రెండు లీటర్ల లోపు రంగులేని పారదర్శక ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్లు నింపి, మిద్దె మీద ఎండలో అడ్డంగా పడుకోబెడితే ఆరు గంటల్లో అతినీలలోహిత కిరణాలు క్రిములను చాలా వరకు చంపుతాయి. ఆకాశం సగానికి పైగా మబ్బు పట్టి ఉంటే రెండు రోజులు ఉంచాలి. నీళ్లు ఎంత తేటగా ఉండాలన్నదానికి ఒక ముచ్చటైన పరీక్ష ఉంది. సీసాను దినపత్రిక శీర్షిక మీద నిలబెట్టి, మూత తీసి పైనుంచి చూడండి. అక్షరాలు చదవగలిగితే పనికొస్తాయి. తుపాను రోజుల్లో ఎండ ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. మన దగ్గర వాన వెలిసిన మర్నాడే ఎండ కాయడం కూడా అంతే నిజం.

టీడీఎస్ మీటరు గురించి ఒక మాట. పెన్నులాంటి ఆ పరికరం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. నీళ్లలో ముంచి 150 చూపిస్తే సంతోషం, 900 చూపిస్తే దిగులు. అది కొలిచేది కరిగిన లవణాలను మాత్రమే. నాలుక చేసే పనినే అంకెల్లో చేస్తుంది. మురుగు కలిసిన వాననీళ్లు ఆ మీటరు మీద చక్కటి అంకె చూపించగలవు. ఆర్ఓ యంత్రం ఫ్లోరైడును తీయగలదు, అది మెచ్చుకోవాల్సిందే, కానీ కరెంటు లేని రోజు గోడకు వేలాడే డబ్బా అది. వీధి ప్లాంటు జనరేటరుతో నడిచినా, క్యాను ఎవరు ఎక్కడ కడిగారన్నది ప్రశ్నగానే మిగులుతుంది. ఆర్ఓ నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి మురికి క్యానులో పోస్తే వాటికి కాపలా ఉండదు.

కొళాయి మళ్లీ వచ్చిన రోజున ఊరంతా బిందెలతో పరుగెడుతుంది. ఆ మొదటి నీళ్లే ప్రమాదం. రోజులో గంటో రెండు గంటలో నీళ్లొదిలే మన ఊళ్లలో మిగతా సమయమంతా పైపులు ఖాళీగా, ఒత్తిడి లేకుండా ఉంటాయి. చుట్టూ మురుగు నిలిచి ఉంటే పగుళ్ల గుండా పైపు దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మొదటి ధారను పారనిచ్చి, తేట వచ్చాక పట్టి, కొన్నాళ్లు కాచుకోవాలి. ఇంటి నేల సంపులోకి వరద వచ్చి ఉంటే, తోడి, కడిగి, క్లోరిన్ నీళ్లతో తుడిచేదాకా మోటారు వేయకండి. మిద్దె మీది ట్యాంకులో వరదకు ముందే ఎక్కించిన నీళ్లు ఉంటే అవే ఆ ఇంటికి దక్కిన ధనం. సంపు నీళ్లు ఎక్కించి వాటిని చెడగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మునిగిన చేతిపంపునైతే, దిమ్మె పగుళ్లు పూడ్చి, తేట వచ్చేదాకా కొట్టి, లోపలికి క్లోరిన్ ద్రావణం పోసి ఒక రాత్రి వదిలి, మర్నాడు ఘాటు తగ్గేదాకా కొట్టి పారబోశాకే వాడుకోవాలి. బావికి లెక్క ఉంది: మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్లున్న గుండ్రటి బావిలో దాదాపు 28 వేల లీటర్లుంటాయి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మామూలు రోజుల్లో 70 గ్రాముల బ్లీచింగ్ చాలు. వరద దిగిన బావికి ఇది సరిపోదు, తోడి పూడిక తీశాకే మందు వేయాలి, ఆ మోతాదు గ్రామీణ నీటి సరఫరా సిబ్బంది కొలిచి చెప్పాలి.

వాతావరణ హెచ్చరిక వినగానే చేయగలిగింది ఒకటే, నిల్వ. తాగడానికీ కాస్త వంటకూ మనిషికి రోజుకు మూడు లీటర్లు. నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు, అంటే రెండు క్యాన్లు. చేతులు కడగడం, గిన్నెలు, స్నానం కలిపితే సహాయ శిబిరాల్లో మనిషికి రోజుకు 15 లీటర్లు కావాలని అంతర్జాతీయ ప్రమాణం. శిబిరంలో బిస్కెట్ పొట్లాలు పంచేవారికి ఈ పదిహేను గుర్తుండదు. సబ్బు, నీళ్లు లేక కడగని చేతులే రాత్రికి రాత్రి శిబిరం మొత్తానికి విరేచనాలు పంచిపెడతాయి. తాగే నీళ్లను సన్న మూతి పాత్రలో, కుళాయి బిగించిన క్యానులో పెట్టుకుంటే చెయ్యి పడదు. బిందె అయితే పొడవాటి కాడ గరిటెతో తీయాలి. ఇంత చేసినా ఎవరికైనా విరేచనాలు మొదలైతే, ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు సమంగా కొలిచి కలిపి తాగిస్తూ ఆసుపత్రికి బయల్దేరాలి.

కిందటి వానాకాలంలో, నీటి సరఫరా విభాగంలో పనిచేసే మిత్రుడు రెండు చిన్న పరీక్ష సీసాలు ఇచ్చాడు. నీళ్లలో మలం కలిసిందో లేదో పట్టిచ్చే సీసాలవి. గ్వాలియర్ రక్షణ పరిశోధన ప్రయోగశాలలో మంజా, ఆయన సహచరులు 1982లో రూపొందించిన పద్ధతి. అలాంటి క్రిములు ఉంటే లోపలి కాగితం, దానితోపాటు నీళ్లూ నల్లగా మారతాయి. ఒకదాంట్లో మా సంపు నీళ్లు నింపాను: వానకు పొంగిన మురుగుకాలువ పక్కన ఉంటుంది, నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లలా తియ్యగా ఉంటాయి. రెండోదాంట్లో వీధి చివరి ఉప్పు బోరు నీళ్లు. రెండూ వంటింటి అలమారలో పెట్టి పడుకున్నాం. మర్నాడు సాయంత్రానికి బోరు సీసా అలాగే ఉంది. సంపు సీసా సిరాబుడ్డిలా ఉంది. రెండింటిలోనూ బ్లీచింగ్ ద్రావణం పోసి, అరగంట ఆగి, మరుగుదొడ్లో ఒంపేశాం. తర్వాత సంపు మూత తీసి బకెట్టు దించాం.